రెక్కలు వద్దన్న పిల్ల

పవరుపేట, ఏలూరు,
నవంబరు 9.

చిరంజీవి మనస్విని అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదని మా నాన్నగారు చిన్నప్పుడు నేర్పారు కాబట్టి రాశాను. మీ నాన్నగారి బీపీ అదుపులో ఉంది, నా నడుం నన్ను మోస్తూనే ఉంది, మీ తమ్ముడు కౌశిక్ రెండు పూటలా అన్నం తింటున్నాడు. క్షేమమంటే ఇంతే అయితే క్షేమమే. నువ్వు ఆ నికోబార్ దీవుల్లో పక్షుల వెంట పడి వేళకి తింటున్నావో లేదో, నువ్వు చెబితే తప్ప నాకు తెలిసే దారి లేదు.

నీ ఉత్తరం ఓడెక్కి రైలెక్కి ఇరవై రెండు రోజులకి చేరింది. "ఫోన్లో అడిగితే 'ఉండవే, పాలు పొంగుతున్నాయి' అని పెట్టేస్తావు. కాగితం మీద పాలు పొంగవు. కూర్చుని రాయి" అన్నావు. ఒప్పుకుంటున్నాను. ఈ ఇంట్లో పొంగినన్ని పాలు ఏలూరు మొత్తం మీద పొంగి ఉండవు.

నువ్వు అంకెలు వేసి అడిగిన ప్రశ్నలు నాలుగు. తేలికైనవి ముందు రాసి కష్టమైనది ఆఖరికి ఉంచుకోండర్రా అని ముప్పై ఏళ్ళుగా బళ్ళో పిల్లలకి చెబుతున్నాను. నేనూ అదే చేస్తున్నాను, ఏమీ అనుకోకు.

మొదటిది నాన్నగారి మోకాలు. డాక్టరు గారు నేల మీద కూర్చోవద్దన్నారు. ఈయన "అలాగేనండీ, తప్పకుండానండీ" అని ఆయనకి దణ్ణం పెట్టి ఇంటికొచ్చి పీట వాల్చుకున్నారు. అడిగితే "పీట నేల కాదోయ్" అన్నారు. నొప్పి ఉంది, వాపు లేదు. తైలం రాస్తున్నాను.

రెండోది కొల్లేరు. ఈ ఏడు తమ్మిలేరుకి నీళ్ళు బాగా వచ్చాయి, సరస్సు నిండుగానే ఉంది. ఆటపాకలో ఇనప స్టాండ్ల మీద గూడబాతులు అప్పుడే చోట్లు పట్టుకున్నాయట. నేను లోపలికి వెళ్ళి చూడలేదు కానీ పోయిన గురువారం కైకలూరు బస్సులో వెళుతుంటే చేపల చెరువుల మీదుగా ఒక బారు ఎగురుతూ కనిపించింది. నువ్వైతే లెక్కపెట్టేదానివి. కైకలూరు నాకేం పని అంటావు కదా, దానికి వస్తాను.

మూడోది నీ కుర్చీ. నువ్వు వెళ్ళిపోయాక ఆదివారం ఆటలో నీ చోట నేను కూర్చున్నానని కౌశిక్ చెప్పాడన్నావు, ఏ పాత్ర తీసుకున్నానో చెప్పమన్నావు. చెబుతాను. ఆ ఆట నాకు అర్థమైన మేరకి ముందు రాస్తాను, తప్పుంటే ఎర్ర సిరాతో దిద్దు. ఒకరు సూత్రధారి. కథలోని ఊళ్ళూ అడవులూ వాటిల్లో ఎదురయ్యే జనమూ అంతా ఆ సూత్రధారి చెప్పినట్టే. మిగతావాళ్ళు తలా ఒక పాత్రతో ఆ కథలోకి దిగుతారు. ఏం చెయ్యబోతున్నామో మనం చెబుతాం, అది అవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మనిషిగా దిగుతావా, మనిషి కానిదానిగా దిగుతావా? యక్షులకి చీకట్లో చూపు, నాగులకి విషం ఎక్కదు, రెక్కలవాళ్ళు ఎగురుతారు, రాక్షసులకి పదిమంది బలం. మనిషికి ఇవేవీ లేవు. మనిషికున్న సుఖమల్లా ఏ ఊరు వెళ్ళినా తలుపు తీసి లోపలికి రమ్మనడమే. మిగతావాళ్ళని చూసి ఊళ్ళు బెదురుతాయి, బయటే నిలబెడతాయి. ఈ నియమం నీ నోటుబుక్కులో నీ చేతి రాతతోనే ఉంది. నీ తర్వాత సూత్రధారైన కౌశిక్ కొత్తగా పెట్టింది కాదు.

నేను రాక్షసిని తీసుకున్నాను. పేరు బండమ్మ. యాభై ఆరేళ్ళు మనిషిగా ఉండి ఏం బావుకున్నానని మళ్ళీ మనిషి? మీ నాన్నగారు పేపరు కిందికి దించి "ఆ పాత్రకి నీకు రిహార్సలు అక్కర్లేదోయ్" అన్నారు. అననీ. మొదటి ఆదివారమే ఒక వంతెన విరగ్గొట్టి, సుంకం అడిగినవాణ్ణి ఎత్తి ఏట్లో పడేశాను. తాడేపల్లిగూడెం నుంచి పాసింజర్లో వచ్చే మన ఫణికిరణ్ చప్పట్లు కొట్టాడు. వాళ్ళ నాన్న ఉల్లిపాయల కొట్లోంచి తిన్నగా వస్తాడేమో, వాడు రెక్కలవాడై ఎంత ఎత్తుకి ఎగిరినా మన ముందుగది నిండా ఉల్లి వాసనే. నవ్వుకునేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం కోసం వారమంతా చూసేదాన్నంటే నమ్ముతావా?

నీ నేస్తం కెజియా ఒక్కతే మనిషి. పడవ నడిపే ఆడమనిషి, పేరు సూరమ్మ. నీకు తెలుసుగా, నువ్వు సూత్రధారిగా ఉన్న మూడేళ్ళలో ఆ పిల్ల పాత్ర రెండుసార్లు చచ్చిపోయింది, రెండుసార్లూ మళ్ళీ మనిషే కావాలంది. "ఏంటండీ కెజియా గారూ, రెక్కలు ఊరికే ఇస్తుంటే వద్దంటారు?" అని ఫణి ఎప్పుడూ ఏడిపించేవాడు. "నాకిదే బావుందండీ" అనేది తను. నేనూ ఊరుకోలేదు. "మనిషిలో ఏముందమ్మా, రోజూ ఉండేదేగా. కాస్త ఊహించుకోవాలి" అని పాఠం చెప్పాను. ఆ పిల్ల నవ్వి పాచిక చేతిలోకి తీసుకుంది. దానికి ఊహ తక్కువని నీకు వేసవిలో రాశాను కూడా.

ఇక నాలుగోది. కెజియా ఎందుకు మానేసింది? కౌశిక్ ఏం చేశాడు?

నీకు తను పంపింది ఒక్కటే మెసేజి: "ఇక మీ ఇంట్లో ఆడను మనూ. ఎందుకో మీవాళ్ళే చెప్పాలి." నువ్వు కౌశిక్‌ని అడిగితే వాడు "తప్పు నాదే అక్కా" అన్నాడు, అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు. దాని మీద నువ్వు వాడికి రాసిన ఉత్తరం నేను చూశాను. చూడకూడదు, చూశాను. "కెజియాని నొప్పించినవాడు నాకు తమ్ముడు కాడు. ఇక నాకు రాయకు" అని ఉంది. వాడు దాన్ని మడిచి ఆట నోటుబుక్కులో పెట్టుకుని, ఆ బుక్కు అటక మీద పడేశాడు. ఆదివారాలు ఇప్పుడు ఈ ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడరు.

జరిగింది ఇది. సెప్టెంబరులో ఒక ఆదివారం. పొద్దుటినుంచీ వాన. కెజియా ఫోను చేసి ల్యాబులో పని తెమలలేదు, వర్షం కూడాను, రాలేనేమో అంది. సరేనని మేం ముగ్గురం కాఫీలు తాగి ఆట మొదలుపెట్టాం. నాలుగింటికి తడిసి ముద్దై వచ్చింది పాపం, కైకలూరు నుంచి ఆ వానలో స్కూటీ మీద. తల తుడుచుకోమని తువ్వాలిచ్చి, కాఫీ కలిపి తెచ్చాను.

కథలో మేం ఎడారి దాటి కంచుగడప అనే ఊరికి చేరాం. నీళ్ళు లేక నాలుకలు పిడచకట్టుకుపోయాయి. కౌశిక్ కోట కాపలావాడయ్యాడు. సూరమ్మ మనిషి కాబట్టి తలుపు తీసి లోపలికి పంపాడు. ఫణి పాత్రనీ నా బండమ్మనీ గడప కింద నిలబెట్టాడు. "దాహమన్నారు కాబట్టి పోస్తాను. దూరంగా, కిందికి నిలబడండి. దోసిలి ఒగ్గండి" అన్నాడు. చేతిలో నిజంగానే చెంబు పట్టుకుని, కుర్చీ ఎక్కి పైనుంచి వంచాడు. ఖాళీ చెంబేలే. నేను నడుం వంచి, దోసిలి నోటి దగ్గర పెట్టుకుని, "పొయ్యండి బాబయ్యా, ఇంకాస్త పొయ్యండి" అని గొంతు మార్చి అన్నాను. ఫణి విరగబడి నవ్వాడు. వాడు నవ్వేకొద్దీ నేను ఇంకా వంగాను. అప్పుడు కౌశిక్ మధ్యలో ఠక్కున చెంబు ఎత్తేసి, దోసిలి అలాగే పట్టుకున్న నన్ను చూసి కాపలావాడి నవ్వు నవ్వాడు.

కెజియా నవ్వలేదు.

"ఈ ముక్క నీకెవరు చెప్పారు కౌశిక్?" అంది.

"ఏ ముక్కక్కా?"

"మధ్యలో ఆపి నవ్వడం."

వాడు నా వైపు ఒక్కసారి చూశాడు. నా దోసిలి ఇంకా అలాగే ఉంది. చూపు తిప్పుకుని, "నేనే అనుకున్నానక్కా. కథ కోసం" అన్నాడు.

కెజియా తన పాత్ర కాగితాన్ని రెండు మడతలు పెట్టి పాచికల డబ్బా కింద ఉంచింది. "వస్తానండీ ఆంటీ" అని హెల్మెట్ తీసుకుంది. వాన ఇంకా పడుతూనే ఉంది, ఆగమని కూడా అనలేదు నేను. కాఫీ ముట్టుకోలేదు, మీగడ కట్టింది.

ఇంతవరకూ వినేవాళ్ళకి కౌశిక్‌దే తప్పనిపిస్తుంది. నువ్వూ అదే అనుకున్నావు. అనుకోనిచ్చాను. రెండు నెలలు అనుకోనిచ్చాను మనస్వీ.

దానికి ముందు గురువారం నేను వంటింట్లో కూర్చుని గోంగూర తుంచుతున్నాను. కౌశిక్ నోటుబుక్కు పట్టుకొచ్చి, "అమ్మా, ఒక ఊళ్ళో మనుషులు కానివాళ్ళని లోపలికి రానివ్వరు. కానీ దాహమంటే నీళ్ళివ్వక తప్పదు. ముట్టుకోకుండా ఎలా ఇస్తారంటావు?" అని అడిగాడు. కొడుకు నన్నో పనికొచ్చే సలహా అడిగి ఎన్నాళ్ళయిందో! ఉబ్బిపోయాను. "దానికి ఊహించడమెందుకురా, మా పెదపాడులో చూసిందేగా" అని మొదలుపెట్టాను. ఊరి బయటి పేట నుంచి ఊడ్పులకి వచ్చినవాళ్ళు అరుగు కిందికి ఎంత దూరంలో నిలబడేవాళ్ళో, చెంబు ఎంత ఎత్తున పట్టేవాళ్ళమో, ఏమనేవాళ్ళమో, తాగి వెళ్ళాక ఆ చోట కళ్ళాపి ఎందుకు చల్లేవాళ్ళో అన్నీ చెప్పాను. లేచి నిలబడి గరిటెతో చేసి చూపించాను. వాడు గబగబా రాసుకున్నాడు. "ఎవరికమ్మా అలా?" అన్నాడు. "పనివాళ్ళకి లేరా, ఎప్పటి మాటో" అన్నాను. నవ్వు రావాలని ఇంకో ముక్క కూడా చెప్పాను. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకావిడకి నీళ్ళు పోస్తూ మధ్యలో ఆపేసి, ఆవిడ దోసిలి పట్టుకుని అలాగే వంగి చూస్తుంటే నేనూ మా పిన్ని కూతురూ పడీ పడీ నవ్వామని. ఎంతసేపు ఆపానో నాకు గుర్తులేదు. ఆవిడ ఏమీ అనలేదు. చేతులు దించలేదు కూడా, ఎండలో పొద్దున్నించీ వంగి నాట్లు వేసి వచ్చింది, దాహం.

ఆవిడ పేరు వెంకటనరసమ్మ. కెజియా అమ్మమ్మ.

కెజియాది పెదపాడని నాకు తెలియదనుకోకు. నువ్వు తనని మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడే అడిగాను, నీ ముందే. "మా పుట్టిల్లూ అదేనమ్మా! ఎవరి పిల్లవి?" అంటే "వెంకటనరసమ్మ గారి మనవరాలినండీ" అంది. నువ్వు మురిసిపోయావు, ఇద్దరిదీ ఒకే ఊరని. నేనూ మురిసినట్టే ముఖం పెట్టాను. ఆ తర్వాత ఆదివారానికి బజారు నుంచి కాగితం కప్పుల కట్ట తెచ్చాను.

ఆ కప్పుల గురించి నువ్వు నాతో ఎంత పోట్లాడావు! "వాటిల్లో ప్లాస్టిక్ పూత ఉంటుందమ్మా, మానెయ్యి" అని నువ్వు పర్యావరణం చెప్పావు. "నువ్వు కడుగుతావా" అని నేను నడుంనొప్పి చెప్పాను. తేడా కనపడకూడదని అందరికీ వాటిల్లోనే పోశాను, ఫణికీ, నీకూ, కౌశిక్‌కీ. ఎంత తెలివి! నాకు నేనేమో మీ మామ్మ మడి కోసం అని చెప్పుకున్నాను. మామ్మ పోయి రెండేళ్ళయింది. మడి ఆవిడతోనే పోయింది. కప్పులు పోలేదు. ఆ వాన ఆదివారం కెజియా రాదనుకుని మేం ముగ్గురం స్టీలు గ్లాసుల్లో తాగాం. తను వచ్చేసరికి ఆ గ్లాసులు బల్ల మీదే ఉన్నాయి. నేను లోపలికి వెళ్ళి, ఆలోచించను కూడా ఆలోచించకుండా, చేతికి అలవాటైన కట్టలోంచి ఒక కప్పు లాగి దాన్లో పోసి తెచ్చి ఇచ్చాను. ఆ పిల్ల గ్లాసుల వంకా కప్పు వంకా చూసింది. "థాంక్సండీ" అంది.

పదిహేడో అధికరణం ఎన్ని వందలమంది పిల్లల చేత బట్టీ పట్టించానో తెలుసా నీకు? అంటరానితనం ఏ రూపంలో ఉన్నా నేరం అని బోర్డు మీద రాసి, 'ఏ రూపంలో ఉన్నా' కింద గీత గీసేదాన్ని. ఉత్తమ ఉపాధ్యాయురాలని శాలువా కప్పారు. ఇప్పుడా శాలువా చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఇంకా ఉంది. పోయిన వేసవిలో వెంకటనరసమ్మ పోయింది. కెజియా రెండు వారాలు రాలేదు, వచ్చాక చెప్పింది. "పెద్ద వయసే కదమ్మా" అన్నాను. ఇంకేం అనాలో తెలియక కాదు. తెలుసు కాబట్టే అక్కడితో ఆపేశాను.

కెజియా వెళ్ళిపోయిన సాయంత్రం కౌశిక్‌ని అడిగాను, "నేను చెప్పానని అనలేకపోయావా నాన్నా?" అని. వాడు పాచికలు డబ్బాలో వేస్తూ, "నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా" అన్నాడు. తిట్టలేదు, ఆ తర్వాత ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. నాన్నగారికి చెబితే "అప్పటి రోజులు అలాంటివిలేవోయ్" అన్నారు. ఆయన మంచివారు, నన్ను ఓదార్చాలని అన్నారు. కానీ ఆ నీళ్ళు రోజులు పొయ్యలేదు కదా, నేను పోశాను. ఆపిందీ నేనే.

నీ ఉత్తరం వచ్చాక ఇక తిండి సయించలేదు. గురువారం సెలవు పెట్టి కైకలూరు వెళ్ళాను. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు, చిన్న గది, బల్ల నిండా సీసాలు. రైతులు ఇద్దరు ముగ్గురు బయట బెంచీ మీద ఉన్నారు. కెజియా నన్ను చూసి లేచి నిలబడింది.

"ఆంటీ! మీరేంటండీ ఇలా వచ్చారు?"

తను కూర్చోమన్నా నేను కూర్చోలేదు. నీకు పైన రాసినదంతా నిలబడే చెప్పాను. గోంగూర దగ్గర్నుంచి కప్పుల దాకా. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. తను సీసాలకి చీటీలు అంటిస్తూ వింది.

"తెలుసండీ" అంది.

"ఏది తెలుసమ్మా?"

"మొదటిసారి మీ ఇంటికొచ్చెళ్ళాక అమ్మమ్మతో అన్నానండీ, మనస్వి వాళ్ళమ్మగారిది మన ఊరేనంట, గాయత్రి గారంట అని. అప్పుడు చెప్పింది. నవ్వుతానే చెప్పిందండీ. చిన్నపిల్ల, దానికేం తెలుసంది."

"మరి నాలుగేళ్ళూ ఎందుకు వచ్చావే తల్లీ?"

"మనస్వి కోసమండీ. ఆటంటే ఇష్టమండీ నాకు. ఇంకా..." చీటీ సరిగా అంటుకోలేదు, మళ్ళీ తీసి అంటించింది. "మీరెప్పుడో ఒకప్పుడు చెప్తారేమో అనుకున్నానండీ. అమ్మమ్మ ఉండగా చెప్తే, ఆవిడకి చెబుదామనుకున్నాను."

తను ఇంకో సీసా దగ్గరికి లాక్కుంది.

"కౌశిక్ మీద నాకేం కోపం లేదండీ. వాడు అబద్ధమాడేముందు మీ వంక చూశాడు. నేనూ చూశాను. మీరు చెప్తారని ఒక్క నిమిషం ఆగాను కూడా. ఇంక అప్పుడు తెలిసిందండీ, మీ ఇంట్లో అది నవ్వుకునే కథని. మా ఇంట్లో అమ్మమ్మ నవ్వుతా చెప్పినా మేమెవరం నవ్వలేదండీ."

గొంతు పెంచలేదు. ఆ పిల్ల ఎప్పుడు పెంచింది కనక! అండీ అనకుండా ఒక్క వాక్యం ముగించలేదు. రెండు తిట్లు తిడితే నాకు తేలికయ్యేది, ఆ తేలిక నాకెందుకివ్వాలి తను?

"మళ్ళీ రామ్మా. నేను ఆ గదిలోకి కూడా రాను, మీరు ఆడుకోండి" అన్నాను.

"రానండీ. ఏమీ అనుకోకండి."

బయట రైతు ఎవరో "అమ్మాయ్ గారూ, మా నీళ్ళు అయినయ్యాండీ?" అని కేకేశాడు. వెళ్ళిపోదామని గుమ్మం వైపు తిరిగి, అలవాటు కొద్దీ అడిగేశాను, ఆదివారాలు ఏం చేస్తున్నావమ్మా అని.

"ఆడుతున్నానండీ. ఆన్‌లైన్లో కొత్త బ్యాచ్. భోపాల్ నుంచి ఒకరు, సేలం నుంచి ఇద్దరు, గౌహతి నుంచి ఒకమ్మాయి. ముఖాలు కూడా చూసుకోలేదింకా."

"అక్కడా మనిషేనా?"

"కాదండీ" అంది. "రెక్కలు తీసుకున్నాను."

మనస్వీ, నాలుగేళ్ళలో ఆ పిల్ల మన ఇంట్లో అంతసేపు మాట్లాడింది లేదు. రెక్కలు చాపితే ఎంత వెడల్పుంటాయో రెండు చేతులూ చాచి చూపించింది. చేతిలో నీళ్ళ సీసా ఉందన్న సంగతే మరిచిపోయింది. కొసలు నల్లగా ఉంటాయట, గూడబాతులకి లాగే. వానలో తడిస్తే ఎగరలేదట, ఆ లోటు తనే కావాలని పెట్టుకుందట. మొన్న ఆదివారం ఒక కొండ మీదినుంచి దూకి, పాచిక సరిగా పడక, పడుతూ పడుతూ ఆఖరికి లేచిందట. చెబుతూ నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. నువ్వు చూశావా?

నా బుర్ర చూడు, అప్పుడు కూడా ఊరుకోలేదు. "మరి మనిషి కాకపోతే ఊళ్ళోకి రానివ్వరు కదమ్మా?" అన్నాను.

"రానివ్వరండీ. గేటు బయటే నిలబెడతారు" అంది. సీసా తిన్నగా నిలబెట్టి మూత బిగించింది. "అక్కడది ఆటేనండీ."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నాను కానీ కొల్లేరు ఎప్పుడు దాటిందో తెలియలేదు.

ఇవీ నీ నాలుగు ప్రశ్నలకి జవాబులు. నన్ను క్షమించమని రాయడం లేదు. క్షమించవలసిన ఆవిడ పోయిన వేసవిలోనే పోయింది, ఆవిడ మనవరాలు రానంది. నువ్వు మధ్యలో దూరి కెజియాకి నచ్చజెప్పకు. నా మీద నీకు ఎంత కోపం వచ్చినా అది న్యాయమే, దాచుకోకు. కానీ కౌశిక్‌కి రాసిన ఆ మాట వెనక్కి తీసుకో. వాడు చేసిన తప్పల్లా వాళ్ళ అమ్మ చెప్పింది నమ్మి రాసుకోవడం, ఆ తర్వాత వాళ్ళ అమ్మని దాచడం. నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. వాడికి రాయి. ఈసారి ఓడకే రాయి.

ఈ కవరు అంటించకుండా పోస్టు చెయ్యమని వాడి చేతికే ఇస్తున్నాను. చదివితే చదువుతాడు. చదవకుండా అంటించి డబ్బాలో వేశాడంటే నాకంటే మంచివాడు. చదివినా నాకంటే మంచివాడే.

ఇట్లు,
మీ ఇద్దరికీ అమ్మ,
గాయత్రి.